భద్రగృహంలో పోపు

ఒక రాజ్యంలో ఒక భద్రగృహం ఉండేది. అందులో చేరినవాళ్ళకి ఏమీ జరిగేది కాదు.

ఆ ఇల్లు కట్టించింది రాజుగారే. దిక్కులేని ముసలివాళ్ళు, చూపు తగ్గినవాళ్ళు, కాళ్ళు పట్టు తప్పినవాళ్ళు రాజ్యంలో ఎక్కడ కనబడినా తీసుకొచ్చి అందులో పెట్టమన్నాడు. పెట్టారు. తిండి, బట్ట, మంచం, మందు అన్నీ ఇచ్చారు. కాదనడానికి లేదు, ఇచ్చారు. గుమ్మం మీద 'ఇక్కడ ఎవరికీ దెబ్బ తగలదు' అని పెద్ద పెద్ద అక్షరాలతో బల్ల పెట్టించారు. ఆ బల్ల బిగిస్తూ వడ్రంగి నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అతను ఇంట్లో చేరినవాడు కాదు కాబట్టి అది దెబ్బ కింద రాలేదు.

ఆ ఇంటికి ఒక రక్షణాధికారి ఉండేవాడు. మంచివాడు. ఈ మాట వెటకారానికి అనడం లేదు, నిజంగానే మంచివాడు. ఇల్లు తెరిచిన మొదటి ఏడాదే ఒక ముసలాయన చుట్ట వెలిగించుకోబోయి పంచె అంటించుకున్నాడు. అధికారి దూరంగా నిలబడి 'నీళ్ళు, నీళ్ళు' అని గొంతు పోయేలా అరిచాడు. ఎవరో వచ్చి ఆర్పారు. ముసలాయన బతికాడు గానీ అధికారి గుండెల్లో ఆ మంట మాత్రం ఆరలేదు. ఆ రోజు నుంచి అతను జాగ్రత్తపడటం మొదలుపెట్టాడు. మొదలుపెట్టినవాడు ఎక్కడన్నా ఆపాలి కదా? అబ్బే!

మెట్ల మీద ఒకామె జారిందని మెట్లు తీయించేశాడు. దాంతో మేడ మీద ఉన్నవాళ్ళు మేడ మీదే ఉండిపోయారు. ఇంక వాళ్ళు మెట్ల మీద జారే ప్రసక్తే లేదు. చేపముల్లు గొంతులో దిగుతుందని చేప మాన్పించాడు. జామకాయ కొరికి ఒకాయన పన్ను ఊడగొట్టుకున్నాడని పెరట్లో జామచెట్టు కొట్టించాడు. రోజూ తన గడ్డం తనే గీసుకునే ఇంకొకాయన దగ్గర కత్తి లాక్కున్నాడు. ఆ గడ్డం పెరిగి పెరిగి బొడ్డు దాటాక, అది కాళ్ళకి చుట్టుకుని పడతాడేమోనని కంగారుపడి మళ్ళీ ఒక సమావేశం పెట్టాడు.

నిప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో అగ్గిపుల్ల కూడా ఉండకూడదన్నాడు. వంట ఊరవతల వంటశాలలో చేసి బండి మీద తెచ్చేవారు. తెచ్చాక కూడా నాలుక కాలుతుందని బాగా చల్లార్చి పెట్టేవారు. పప్పు గిన్నె బోర్లిస్తే పప్పు కింద పడేది కాదు, అంత చల్లగా ఉండేది.

నెలకొకసారి అధికారి కోటకి వెళ్ళేవాడు.

"ఏమన్నా జరిగిందా?" అని రాజుగారు అడిగేవాడు.

"ఏమీ జరగలేదు ప్రభూ."

"శభాష్" అనేవాడు రాజుగారు.

అలాంటి ఇంట్లోకి గవరమ్మని తెచ్చి పడేశారు.

గవరమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. చూపు ముప్పాతిక పోయింది. వెలుగూ నీడా తెలుస్తాయి, మొహాలు తెలియవు. ఒంటరిగా ఉంటూ ఒకనాడు నూతి దగ్గర పడితే రాజుగారి భటులు ఎత్తుకొచ్చారు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మంచం తడిమి చూసి బాగుందంది. దుప్పటి తడిమి ఇదీ బాగుందంది. అన్నం పెట్టాక మాత్రం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"పప్పులో పోపు ఎవలు పెట్టారు?" అని అడిగింది.

"ఊరవతల పెట్టారమ్మా, పొద్దున్నే" అంది ఆయా సూరీడమ్మ. ఆ ఇంట్లో ముసలివాళ్ళని లేపడం, కూర్చోబెట్టడం, తినిపించడం ఆమె పని. నలభై ఏళ్ళ మనిషి, మాట కరుకు, చెయ్యి మెత్తన.

"మరి నాను ఇనలేదు కదా?" అంది గవరమ్మ.

ఆమె బాధ ఇదీ. అరవై ఏళ్ళుగా ఆమె తిన్న ప్రతి పప్పులోనూ పోపు ఆమే పెట్టుకుంది. పెద్ద ఇనప గరిటెలో నూనె పోసి నిప్పుల మీద పెట్టడం, ఆవాలు చిటపటలాడగానే ఎండుమిరపకాయ తుంచి వెయ్యడం, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు, చివర్న గరిటెని గరిటెలాగే తీసుకెళ్ళి పప్పులో ముంచెయ్యడం. చుయ్! ఆ చుయ్ వినపడితే ఆమెకి ఆకలేసేది. వినపడకపోతే వేసేది కాదు. చూపు పోయినా ఆ పని ఆగలేదు, ఎందుకంటే పోపు ఎప్పుడూ చూపుతో పెట్టేది కాదు.

"నాకింకేటీ వద్దు బాబూ" అంది అధికారితో. "మీరు పెట్టిన బట్ట కట్టుకుంటాను. మీరు పడుకోమంటే పడుకుంటాను. పోపొక్కటీ నన్ను పెట్టుకోనియ్యండి."

అధికారి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నిప్పు, నూనె, చూపు లేని మనిషి! అమ్మా, నీ మేలు కోరే చెబుతున్నాను. ఇంకేదన్నా అడుగు."

"ఇంకేటీ వద్దన్నాను కదా."

అంతే. గవరమ్మ గొడవ చెయ్యలేదు. ఉపవాసమనీ చెప్పలేదు. పెట్టింది నోట్లో పెట్టుకునేది, దిగేది కాదు. నాలుగు ముద్దలు రెండయ్యాయి, రెండు ఒకటయింది. మూడు వారాలకి చేతిగాజులు మోచేతి దాకా జారడం మొదలెట్టాయి. సూరీడమ్మ వెళ్ళి, "మనిషి చిక్కి సగమైపోతోందండీ" అని చెప్పింది. అధికారి ప్రమాదాల పట్టిక తీసి పైనుంచి కిందకి వెతికాడు. కాలడం ఉంది, జారడం ఉంది, కోసుకోవడం ఉంది. చిక్కిపోవడం లేదు. కాబట్టి ఆమెకి ప్రమాదమేమీ లేదని తేల్చాడు.

అయినా మంచివాడు కదా, మనసు ఊరుకోక సమావేశం పెట్టాడు. వైద్యుడొచ్చాడు, వంటశాల పెద్ద వచ్చాడు, ఇంకా ఎందుకొచ్చారో తెలియనివాళ్ళు నలుగురొచ్చారు. సూరీడమ్మని పిలిచి ముసలమ్మకి అసలేం కావాలని అడిగారు.

"పోపు చుయ్‌మనాలి అంటోందండీ" అందామె.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఓస్, ఇంతేనా! ఆమెకి కావాల్సింది నిప్పు కాదు, నూనె కాదు, చప్పుడు! చప్పుడికి కాలదు కదా! ఇంతమంది పెద్దవాళ్ళు కూర్చుంటే తేలని సంగతి ఉంటుందా? అప్పటికప్పుడు తీర్మానం రాసేశారు. గవరమ్మ భోజనం వేళకి పక్కన నిలబడి చుయ్‌మనడానికి ఒక మనిషిని వేశారు.

అతను అంతకు ముందు నాటకాల్లో తెర వెనకాల నిలబడి గుర్రపుడెక్కల చప్పుడు, ఉరుముల చప్పుడు చేసేవాడు. పనిమంతుడే. మొదటి రోజు తలపాగా సర్దుకుని, గొంతు సవరించుకుని, సూరీడమ్మ చల్లారిన పోపుని చల్లారిన పప్పులో వెయ్యగానే గవరమ్మ చెవి దగ్గర వంగి, "చుయ్య్య్!" అన్నాడు.

గవరమ్మ ఉలిక్కిపడింది. "ఎవలు బాబూ? దగ్గొచ్చిందేటి నీకు?" అంది.

అతను చిన్నబుచ్చుకున్నాడు. కళాకారుడు కదా మరి. ఇంటికెళ్ళి భార్య పోపు పెడుతుంటే పొయ్యి పక్కనే కూర్చుని విన్నాడు. రెండ్రోజులు సాధన చేశాడు. మూడో రోజు అతను చేసిన చప్పుడికి మేడ మీద ఉన్నవాళ్ళు కూడా ఏదో మాడుతోందని తలలు బయటికి పెట్టారు. అధికారి చప్పట్లు కొట్టాడు.

గవరమ్మ తల పంకించింది. "బాగా సేసావు బాబూ" అంది. "కానీ ఆవాలు మాడిపోనాయి. కూసింత ముందే తియ్యాల."

కంచం పక్కకి జరిపి పడుకుంది.

సమావేశం మళ్ళీ కూర్చుంది. అతని చేత ఆవాల చిటపట కూడా చేయించాలా, దానికి వేరే మనిషిని వెయ్యాలా అన్న దాని మీద చాలాసేపు వాదించుకున్నారు. ఈలోపల గవరమ్మ లేచి కూర్చోవడం మానేసింది.

ఆ పూట సూరీడమ్మ ఆమె మంచం పక్కన చతికిలపడింది. ఇలాగే ఇంకో వారం గడిస్తే ఈ మనిషి ఉండదని ఆమెకి తెలుసు. చేతుల మీదుగా ఎంతమందిని సాగనంపిందో ఆమెకే గుర్తు లేదు. అందరినీ ఒంటి మీద చిన్న గీత కూడా లేకుండా సాగనంపింది. ఆ మాట తలుచుకుంటే ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"అమ్మా, ఒకటడుగుతాను, నిజం చెప్పు" అంది. "పోపు పెడతావు సరే. చెయ్యి కాలితే?"

"ఉఫ్‌మని ఊదుకుంటాను."

"చీర అంటుకుంటే?"

ఆ ఇంట్లో అంతవరకు గవరమ్మని ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగినవాళ్ళు ఎవరూ లేరు. అందుకని నిదానంగా ఆలోచించింది.

"అది బయమే" అంది చివరికి. "ఈ మజ్జెన సెయ్యి వణుకుతాది. గోచీ బిగించి కట్టెయ్యి. కుంపటి నేల మీదెట్టు, పెరట్లో, గాలి లేని పక్క. నువ్వు పక్కన నిలబడు. తడి గోనె ఒకటి దగ్గరెట్టుకో."

"గరిటె నేను పట్టుకోనా?"

"నాను పిలిస్తే పట్టుకో. పిలవకపోతే ముట్టుకోకు."

"పప్పు కుండ?"

"అది నువ్వే దింపు. బరువు నా వల్ల కాదు."

ఇద్దరూ అలా ఒక్కొక్కటీ మాట్లాడుకున్నారు. ఏది గవరమ్మ చేస్తుందో, ఏది చెయ్యదో, ఏ మాటకి సూరీడమ్మ చెయ్యి అడ్డం పెట్టాలో తేల్చుకున్నారు. అందుకు వాళ్ళకి వైద్యుడూ, వంటశాల పెద్దా, ఆ నలుగురూ అవసరం పడలేదు. పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం సూరీడమ్మ తన ఇంటి నుంచి కుంపటి, బొగ్గులు, ఇనప గరిటె, పప్పు, పోపు సామాను కొంగు చాటున తెచ్చింది. గవరమ్మని పట్టుకుని పెరట్లోకి నడిపించి పీట మీద కూర్చోబెట్టింది. పప్పు ఉడికించి దింపి, తడి గోనె పట్టుకుని నిలబడింది. నిలబడిందన్న మాటే గానీ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుంది. గవరమ్మ వేళ్ళు గరిటె కాడని తడిమి పట్టుకోగానే ఆ చేతి వణుకు సగం తగ్గింది. చెవి ఒక పక్కకి వంచింది. ఆవాలు చిటపటలాడాయి. మిరపకాయ పడింది. ఒక ఆవగింజ ఎగిరొచ్చి మణికట్టు మీద అంటుకుంది. "ఉఫ్" అని ఊదుకుంది.

చుయ్!

ఆ వాసన ఇల్లంతా తిరిగింది. గడ్డం ముసలాయన మంచం దిగి వచ్చాడు. మేడ మీదివాళ్ళు "ఎక్కడ, ఎక్కడ?" అని కేకలు పెట్టారు. గవరమ్మ మూడు మారులు అన్నం పెట్టించుకుని తిని, చేతివేళ్ళు నాక్కుని, "ఉప్పు తక్కువైనాది" అంది.

సూరీడమ్మ మొహం అటు తిప్పుకుని ఏడ్చింది. ఎందుకు ఏడవదు? మీరైనా నేనైనా ఏడుస్తాం.

ఆ వాసన అధికారి గదిలోకి కూడా వెళ్ళింది. అతను పరిగెత్తుకొచ్చేసరికి కుంపటి ఆరిపోయింది, పప్పు అయిపోయింది, దొరికింది ఒక్కటే. మణికట్టు మీద ఎర్రటి చుక్క. కట్టుబాట్లన్నీ పెట్టాక తొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో జరిగిన మొదటి సంగతి!

వారం తిరక్కుండా విచారణ కోటలో పెట్టారు.

"గాయం ఎంత?" అని రాజుగారు అడిగాడు.

"ఆవగింజంత ప్రభూ."

"ఆవగింజంతైనా గాయం గాయమే" అన్నాడు రాజుగారు. ఈ మాట చాలా బాగుందని సభలో అందరూ అనుకున్నారు. "ఆ ముసలామె ఎలా ఉంది?"

"లేచి తిరుగుతోంది ప్రభూ. అదే ఇంకా భయంగా ఉంది."

రాజుగారు తీర్పు చెప్పాడు. అధికారి స్వయంగా వెళ్ళి ఆ గాయం కళ్ళారా చూసి కాగితం మీద రాయాలి. రాసిన క్షణం నుంచి సూరీడమ్మకి ఆ ఇంట్లో పని లేదు. కుంపటి పగలగొట్టాలి. గవరమ్మని లోపలి గదిలోకి మార్చాలి. లోపలి గదికి కిటికీ లేదు, గోడలకి దూది మెత్తలు కుట్టి ఉంటాయి. అందులోకి వెళ్ళినవాళ్ళకి బయటి చప్పుడేదీ వినపడదు. వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు లేరు, అయితే ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు.

అధికారి తీర్పు కాగితం పట్టుకుని మధ్యాహ్నం వేళకి వచ్చాడు. గవరమ్మ పెరట్లో కుంపటి ముందు పీటేసుకుని కూర్చుని ఉంది. సూరీడమ్మ తడి గోనెతో పక్కనే ఉంది. ఎలాగూ ఇదే ఆఖరి రోజని ఇద్దరికీ తెలుసు. తెలిసినప్పుడు దాక్కోవడం దేనికి?

"చెయ్యి చూపించమ్మా" అన్నాడు అధికారి.

గవరమ్మ రెండు చేతులూ చాపింది.

అధికారి వంగి చూశాడు. ఇంకా వంగాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా ఆ చేతుల నిండా చుక్కలే. నల్లవి, తెల్లవి, గోధుమరంగువి, అటూ ఇటూ సన్నటి చారలు. మొన్నటి ఎర్రచుక్క పెచ్చు కట్టి రాలిపోయి ఆ గుంపులో కలిసిపోయింది.

"ఏదమ్మా ఇందులో?" అన్నాడు.

"నీకేది కావాల బాబూ?" అంది గవరమ్మ. వేలితో తడిమి చెప్పడం మొదలెట్టింది. "ఇది నా పెద్ద కూతురు తొలిసారి పప్పు తిన్ననాటిది. దాని బుగ్గ సూస్తా గరిటె తిప్పీసినాను. ఇది మా ఆయన పోయిన ఏడాది, ఏడుస్తా పెట్టినాను. ఇది అరిసెల మూకుడు. ఈ సన్న సార గంజి వార్చినప్పటిది, ఇంటి నిండా పెల్లివోరు. ఇది ఏటో గుర్తు లేదు, తిన్నోలు మాత్రం బాగుందన్నారు."

"అవన్నీ కాదు, ఈ ఇంటిది కావాలి నాకు!" అధికారి గొంతు పెంచాడు. "ఎంత అజాగ్రత్త అమ్మా! మనిషి జాగ్రత్తగా ఉంటే ఒంటికి ఏమీ కాదు. నన్ను చూడు, యాభై ఆరేళ్ళొచ్చాయి." గబగబా కాగితం చంకలో ఇరికించుకుని, చొక్కా చేతులు పైకి మడిచి రెండు చేతులూ ఆమె ముందు పెట్టాడు. "చూడు, ఒక్క మచ్చుంటే చూపించు!"

గవరమ్మకి చూపు లేదు కదా, అతని చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా నెమ్మదిగా తడిమింది. తిప్పి మళ్ళీ తడిమింది. వేళ్ళ సందులు చూసింది, అరచేతులు చూసింది. ఎక్కడా ఏమీ తగల్లేదు. పసిపిల్లాడి పొట్టలా నున్నగా ఉన్నాయి.

ఆమె మొహం జాలితో నిండిపోయింది.

"అయ్యో నాయనా" అంది. "నిన్నెప్పుడు సేర్పించినారు ఇక్కడ?"

"నన్నెవరూ చేర్పించలేదు. నేను ఇక్కడ అధికారిని."

"అలాగే, అలాగే" అంది గవరమ్మ అతని చెయ్యి నిమురుతూ. "కొత్తలో అందరూ ఏదోటి సెప్పుకుంటారు. సూరీడమ్మా, ఈ బాబుకి కూడా ఒక ముద్ద కలుపు. ఎన్నాల్లయినాదో పాపం."

సూరీడమ్మ నవ్వాపుకోలేక గోనె మొహానికి అడ్డం పెట్టుకుంది. అధికారి తన చేతుల వంక చూసుకున్నాడు. చొక్కా చేతులు దించుకుందామనుకుని దించుకోలేకపోయాడు.

"నీ సంకలో గరగరమంటన్నాది, ఏటది, కాయితమా?" అంది గవరమ్మ. "ఇలాగియ్యి. నిప్పు సల్లారిపోతన్నాది."

అతను ఇచ్చాడు. ఎందుకిచ్చాడో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా అతనికి తెలియలేదు. గవరమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కుంపటి ముందు టపటపా విసిరింది. బొగ్గులు ఎర్రబడ్డాయి. ఒక రవ్వ ఎగిరి కాగితం అంచు అంటుకుంది. సూరీడమ్మ తీరిగ్గా చూసి, కాసేపాగి, మొత్తం కాలాక తడి గోనె వేసి ఆర్పింది.

గవరమ్మ గరిటెలో నూనె పోసి నిప్పుల మీద పెట్టింది.

"చూపు లేకుండా నూనె కాగిందని నీకెలా తెలుస్తుంది?" అన్నాడు అధికారి. గొంతులో భయం అలాగే ఉంది గానీ అడుగు మాత్రం వెనక్కి వెయ్యలేదు.

"ఒక గింజ ఏసి ఇంటాను. ఏదీ, నువ్వెయ్యి." ఆమె ఒకే ఒక్క ఆవగింజ అతని అరచేతిలో పెట్టింది.

అతను చెయ్యి బారెడు దూరం చాపి, మొహం పక్కకి తిప్పుకుని, గింజని గరిటెలో వదిలాడు. "మీద పడుతుందా? ఎంత ఎత్తు ఎగురుతుంది? వెనక్కి జరగమంటావా? నాకేమీ వినపడటం లేదే!" అన్నాడు.

"నువ్వు మాటాడతన్నావు కదా బాబూ" అంది గవరమ్మ.

అతను నోరు మూసుకున్నాడు. గింజ చిటుక్కుమంది.